ఎక్కడ ఆగిపోయారో చూడండి

పాఠం బాగానే చెప్పారు. బోర్డు నిండా లెక్కలు చేసి చూపించారు. "అర్థమైందా?" అని అడిగితే "అయింది సార్!" అని క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అంది. మర్నాడు స్లిప్ టెస్ట్ పెడితే సగం పేపర్లు తెల్లగా వచ్చాయి. ఇప్పుడు మీరేం చేస్తారు? అదే పాఠాన్ని అదే పద్ధతిలో, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త నెమ్మదిగా మళ్లీ చెప్తారు. మళ్లీ అవే తెల్ల పేపర్లు. విసుగొస్తుంది. "వీళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు" అనే మాట నోటిదాకా వచ్చేస్తుంది.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎక్కనిది ఏమిటి? ఎవరికి? ఏ మెట్టు దగ్గర?

ఈ అధ్యాయమంతా ఆ మూడు ప్రశ్నల గురించే. ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా నేర్చుకోరని మనందరికీ తెలుసు. అయితే "ఈ పిల్లవాడు ఏ రకం?" అని ఆలోచిస్తూ కూర్చుంటే రేపటి పిరియడ్‌లో చేయడానికి పనేమీ దొరకదు. "ఈ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడు?" అని అడిగి చూడండి, వెంటనే ఒక పని చేతికొస్తుంది.

"నలభై మంది ఉన్నారు, పిరియడ్ చూస్తే నలభై ఐదు నిమిషాలు. సిలబస్ పూర్తి కావాలి, ఆన్‌లైన్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం అయ్యే పనేనా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నలభై మందికి నలభై పాఠాలు తయారు చేయమని ఎవరూ అనడం లేదు. నలభై మందీ నలభై చోట్ల ఆగరు. ఏ తరగతిలో చూసినా మూడు నాలుగు చోట్ల గుంపులుగా ఆగి ఉంటారు. ఆ చోట్లు కనిపెడితే సగం పని అయినట్టే. ఎలా కనిపెట్టాలో, కనిపెట్టాక ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు మీరు వినండి

కొత్త తరగతి చేతికి రాగానే పాఠంలోకి దూకకండి. రోజుకు ఐదుగురిని పిలిచి, ఒక్కొక్కరి దగ్గర మూడు నిమిషాలు కూర్చోండి. నలభై మంది ఎనిమిది రోజుల్లో అయిపోతారు. మిగతా పిల్లలకు ఆ పదిహేను నిమిషాలూ చూసిరాతో, బొమ్మో, ఎక్కాలో పని ఇవ్వండి.

తెలుగు చదవడం పరీక్షించాలనుకుందాం. ఒక అట్టముక్క మీద ఐదు వరసలు రాసుకోండి. మొదటి వరసలో పలక, వల, గడప. రెండో వరసలో గుణింతాలు: కాకి, మేక, గోడ. మూడో వరసలో అదే అక్షరానికి అదే ఒత్తు: అక్క, చెట్టు, పిల్లి. నాలుగో వరసలో వేరే అక్షరం ఒత్తు: పుస్తకం, చక్రం, సూర్యుడు. ఐదో వరసలో రెండేసి ఒత్తులు: స్త్రీ, రాష్ట్రం. పిల్లవాడు ఎక్కడ తడబడితే అక్కడ పేరు పక్కన ఆ వరస నంబరు వేసుకోండి. ఇంతే.

"తెలుగు రాదు" అని ఇన్నాళ్లూ అనుకున్న పిల్లవాడు మూడు వరసలు గడగడా చదివి నాలుగో వరస దగ్గర ఆగుతాడు. వాడికి తెలుగు రాకపోవడమేంటి? రానిది ఒక్క మెట్టు. దాన్ని నేర్పడానికి కొన్ని వారాల సాధన చాలు. ఇంకో పిల్ల "అక్క" అని ఠక్కున చదువుతుంది, "ముక్క" చూపిస్తే బిక్కమొహం వేస్తుంది. ఆ పిల్ల పదాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకుందే తప్ప అక్షరాలు కూడబలుక్కుని చదవడం లేదు. అందుకే బాగా తెలిసిన పదం పక్కన అదే పోలికలో తెలియని పదం ఒకటి తప్పకుండా పెట్టండి.

2. తప్పు జవాబును కొట్టేయకండి, చదవండి

52లోంచి 27 తీసేయమన్నారు. ఇద్దరు పిల్లలు 35 అని రాశారు. ఇద్దరికీ ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టి, "అప్పు తెచ్చుకోవడం మర్చిపోయారు, మళ్లీ చేయండి" అన్నారు. సరేనా?

దగ్గరికి పిలిచి "ఎలా చేశావో చెప్పు" అని అడిగి చూడండి. మొదటివాడు అంటాడు: "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీశాను, ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు." రెండో పిల్ల అంటుంది: "రెండుకు పది తెచ్చుకున్నాను మేడం, పన్నెండు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు." మొదటివాడు ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నాడు. అప్పు తెచ్చుకోవాలనే సంగతే వాడికి తెలియదు. రెండో పిల్ల అప్పు తెచ్చుకుంది గానీ పదుల్లో ఒకటి తగ్గించలేదు. జవాబు ఒకటే, ఆగిన చోట్లు రెండు. ఇద్దరికీ ఒకే మందు వేస్తే కనీసం ఒకరికి పనిచేయదు.

మొదటివాడి చేతికి చీపురు పుల్లలు ఇవ్వండి. పదేసి పుల్లలకు దారం కట్టి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టండి. "ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వు" అనండి. విడి పుల్లలు రెండే ఉన్నాయి కాబట్టి కాసేపు చూస్తాడు, తర్వాత తనే ఒక కట్ట దారం విప్పుతాడు. అప్పు అంటే ఏమిటో ఆ విప్పడంలో వాడికి తెలుస్తుంది. రెండో పిల్లకు పుల్లలు అక్కర్లేదు. పదుల అంకెను కొట్టేసి, దాని నెత్తిన 4 వేసే అలవాటు చేయిస్తే చాలు.

3. తేడాను బయటపెట్టే ప్రశ్న వేయండి

ప్రతి ఒక్కరినీ పిలిచి అడిగే తీరిక లేదంటారా? అయితే ప్రశ్నను జాగ్రత్తగా ఎంచుకోండి. 52 - 27కు బదులు 61 - 28 ఇవ్వండి. అప్పు సంగతే తెలియనివాడు 47 అని రాస్తాడు. అప్పు తెచ్చుకుని తగ్గించడం మర్చిపోయినవాడు 43 అని రాస్తాడు. సరిగ్గా చేసినవాడు 33 అని రాస్తాడు. పలకలు పైకెత్తి చూపించమంటే, అర నిమిషంలో ఎవరు ఎక్కడ ఉన్నారో నిలబడిన చోటు నుంచే కనిపిస్తుంది.

లెక్కల్లోనే కాదు, ఏ సబ్జెక్టులోనైనా ఇది కుదురుతుంది. "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి?" అని అడిగితే బట్టీ కొట్టినవాడూ అర్థమైనవాడూ ఒకటే జవాబు చెప్తారు. "మొక్కకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది? మట్టిలోంచా, నీళ్లలోంచా, ఆకులోనే తయారవుతుందా?" అని అడగండి. చాలామంది మట్టి అంటారు. మీ పాఠం ఎక్కడ మొదలు కావాలో అప్పుడు తెలుస్తుంది.

4. గుంపులు కట్టండి, కానీ శాశ్వతంగా కాదు

ఆగిన చోట్లు తెలిశాక రోజులో ఒక్క పిరియడ్, కనీసం అరగంట, పిల్లల్ని మెట్టును బట్టి కూర్చోబెట్టండి. ప్రాథమిక పాఠశాల అయితే మూడు, నాలుగు, ఐదు తరగతులను ఆ అరగంటా కలిపేయండి. ఒత్తుల దగ్గర ఆగిన ఐదో తరగతి పిల్లవాడూ, అదే చోట ఆగిన మూడో తరగతి పిల్లా ఒక గుంపు.

ఇది గాలిలో మాట కాదు. 1995లో ముంబయిలో మొదలైన ప్రథమ్ సంస్థ ఈ దారిలోనే నడిచింది. ముంబయి, వడోదర బడుల్లో వెనకబడ్డ పిల్లలను రోజూ కాసేపు విడిగా కూర్చోబెట్టి, రానిచోట నుంచి నేర్పిస్తే చదువు మెరుగుపడిందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం పరిశీలించి చెప్పింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఇద్దరు వాళ్లే. తెలంగాణ బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా పునాది చదువు మీదే దృష్టి పెట్టింది.

మీది ఏకోపాధ్యాయ పాఠశాలా? అయితే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చేసిన పని మీకు అక్కరకొస్తుంది. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు, ఆ కార్డులన్నీ ఒక నిచ్చెనలా వరసలో ఉంటాయి. పిల్లలు తమ మెట్టు మీదున్న కార్డు తీసుకుని, తమ వేగంతో చేసుకుంటూ పైకి వెళ్తారు. ఒక గుంపు టీచర్ దగ్గర కూర్చుంటే, ఇంకో గుంపు తోటి పిల్లల సాయంతో చేసుకుంటుంది, మరో గుంపు సొంతంగా చేసుకుంటుంది. అన్ని కార్డులూ మీరు తయారు చేయక్కర్లేదు. ఈ నెల తీసివేతకు ఒక పది కార్డులతో మొదలుపెట్టండి.

ఒక్క జాగ్రత్త. పదిహేను రోజులకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చండి. మెట్టెక్కిన పిల్లవాడిని ఆ రోజే పై గుంపులోకి పంపండి. ఆ గుంపులో చోటు దొరకడమే వాడికి బహుమతి.

5. పాఠం ఒకటే, పని మూడు మెట్లుగా

మిగతా పిరియడ్లలో తరగతిని విడదీయక్కర్లేదు. అందరికీ ఒకే పాఠం చెప్పి, చేయాల్సిన పనిని మూడు మెట్లుగా ఇవ్వండి.

ఉదాహరణకు సైన్స్‌లో సాంద్రీకరణ. ఒక స్టీలు గ్లాసులో ఐస్ ముక్కలు వేసి బల్ల మీద పెట్టండి. కాసేపటికి గ్లాసు బయట నీటి చుక్కలు పడతాయి. అందరూ వచ్చి వేలితో తాకి చూస్తారు. ఇక పని మొదలు.

మొదటి మెట్టు: గ్లాసు బొమ్మ గీసి, చుక్కలు ఎక్కడ పడ్డాయో చూపించి, రెండు వాక్యాలు రాయాలి.
రెండో మెట్టు: ఆ నీళ్లు గ్లాసులోంచి కారాయా, గాలిలోంచి వచ్చాయా? గ్లాసులో రంగునీళ్లు పోసి తేల్చాలి.
మూడో మెట్టు: ఇదే గ్లాసు ఎండాకాలంలో కాకినాడలో పెడితే ఎక్కువ చుక్కలు పడతాయా, అనంతపురంలో పెడితేనా? ఎందుకు?

ఎవరు ఏ మెట్టుతో మొదలుపెట్టాలో మీరు చెప్పండి, పై మెట్టుకు వెళ్లాలనుకున్నవాళ్లను మాత్రం ఆపకండి. మూడో ప్రశ్నకు వెనక బెంచీ నుంచి జవాబొచ్చే రోజు తప్పకుండా వస్తుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువని పుస్తకం చదవకపోయినా కోస్తా పిల్లలకు ఒళ్లే చెప్తుంది.

6. చూపించడం, చేయించడం, చెప్పించడం అందరికీ

"ఈ పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం" అనే మాట శిక్షణ తరగతుల్లో మీరు చాలాసార్లు వినే ఉంటారు. పిల్లలకు ఇష్టాలు ఉంటాయి, నిజమే. కానీ పిల్లలను అలా రకాలుగా విడగొట్టి, ఆ రకానికి తగ్గట్టు చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు పరిశీలించి తేల్చారు.

ఇది మీకు ఊరటనిచ్చే కబురు. ఎవరు ఏ రకమో కనిపెట్టే బరువు మీ నెత్తిన లేదు. పద్ధతిని పిల్లవాడిని బట్టి కాకుండా విషయాన్ని బట్టి ఎంచుకోండి. గోదావరి ఏయే ఊళ్ల మీదుగా పారుతుందో చెప్పాలంటే పటం కావాలి. అది అందరికీ కావాలి. పద్యం నడక తెలియాలంటే గొంతెత్తి పాడాలి, అందరూ పాడాలి. భిన్నాలు తెలియాలంటే కాగితం మడవాలి, అందరి చేతా మడిపించాలి. ఒక్కో విషయాన్ని రెండు దారుల్లో చెప్పండి. మొదటి దారిలో అందనివాళ్లకు రెండో దారిలో అందుతుంది, అందినవాళ్లకు ఇంకా గట్టిపడుతుంది.

7. ప్రశ్న వేశాక మూడు సెకన్లు ఆగండి

ప్రశ్న పూర్తి కాకముందే ముందు బెంచీలో నాలుగు చేతులు లేస్తాయి. మీరు అందులో ఒకరిని లేపుతారు, జవాబొస్తుంది, పాఠం సాగుతుంది. మిగతా ముప్పై ఆరు మంది అప్పటికి ఏమనుకుంటున్నారో మీకు తెలుసా?

టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కూడా ఓపిక పట్టడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు నోరెత్తారు. మీరూ చేసి చూడండి. ప్రశ్న వేయండి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి, అప్పుడే పేరు పిలవండి. అందరి ముందు లేవడానికి జంకే పిల్లలుంటే "పక్కవాళ్లకు చెప్పండి" అని అర నిమిషం ఇచ్చి, తర్వాత అడగండి. ఒకసారి పక్కవాళ్లకు చెప్పిన జవాబు క్లాసుకు చెప్పడం తేలిక.

8. ఆగింది పాఠం దగ్గరా, భాష దగ్గరా?

ఇంగ్లిష్ మీడియం తరగతిలో ఒక పిల్లవాడు లెక్క వదిలేశాడు. అదే లెక్కను తెలుగులో చెప్పండి. నోటితోనే చేసేస్తే, వాడికి లెక్క వచ్చు, ప్రశ్న చదవడం రాదు. అప్పుడు నేర్పాల్సింది లెక్క కాదు, ఆ ప్రశ్నలో అడ్డుపడ్డ నాలుగు మాటలు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకం మీ చేతిలో ఉంటే రెండు పేజీలూ వాడండి.

కొందరికి తెలుగు కూడా ఇంటి భాష కాదు. కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మీ తరగతిలో ఉండొచ్చు. వాళ్ల మౌనాన్ని మందబుద్ధి అనుకోవద్దు. వాళ్ల భాషలో పది మాటలు నేర్చుకోండి: రా, కూర్చో, ఇదేంటి, ఎన్ని, బాగుంది. పాఠంలోని వస్తువు చూపించి "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడగండి. బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాయండి.

9. కన్ను, చెవి, కడుపు

బోర్డు మీద 8 ఉంటే 3 అని దించుకుంటున్న పిల్లవాడిని తిట్టేముందు ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. తప్పులు తగ్గితే సమస్య కంటిచూపుది. పిలిస్తే పలకని పిల్లకు చెవి పరీక్ష కావాలేమో. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఆ పేర్లు మీ దగ్గర రాసి ఉండాలి. మొదటి పిరియడ్‌లో తూగుతూ, మధ్యాహ్నం భోజనం తర్వాత హుషారుగా ఉండే పిల్లవాడు పొద్దున ఏమీ తినకుండా వస్తున్నాడేమో మెల్లగా కనుక్కోండి.

చాలామంది చేసే పొరపాట్లు

• బ్రైట్, యావరేజ్, డల్ అని పేర్లు పెట్టడం. ఆ మాట పిల్లల చెవిన ఒక్కసారి పడితే చాలు, చాలా ఏళ్లు వాళ్ల వెంటే ఉంటుంది. "ఒత్తుల దగ్గర ఉన్నాడు" అనండి. అందులో రేపు ఏం చేయాలో కూడా ఉంది.
• వెనకబడ్డ పిల్లలకు పని తగ్గించి అక్కడే వదిలేయడం. కింది మెట్టు మొదలుపెట్టడానికే. ప్రతివారం ఒక అడుగైనా పైకి వేయించాలి.
• ముందున్న పిల్లలను ఎప్పుడూ సహాయకులుగా వాడుకోవడం. వారానికి రెండుసార్లు చాలు. వాళ్లకూ బుర్రకు పని చెప్పే ప్రశ్నలు కావాలి.
• గైడు చూసి జవాబులు దించుకోవడాన్ని "రాస్తున్నాడు" అని లెక్కేసుకోవడం. నోట్సు నిండినా చదువు వచ్చినట్టు కాదు. ఒక జవాబు పుస్తకం మూసి చెప్పించండి.
• అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టడం. మూడో రోజుకే అలిసిపోయి అన్నీ వదిలేస్తారు.

మొదటి నెల ఇలా నడపండి

మొదటి రెండు వారాలు: ఒక్క సబ్జెక్టు, ఒక్క తరగతి తీసుకోండి. రోజుకు ఐదుగురు చొప్పున వినడం పూర్తి చేయండి. ఒక నోటుపుస్తకంలో పిల్లకో పేజీ ఇచ్చి రెండే ముక్కలు రాయండి: ఇప్పుడు ఎక్కడ ఉంది, తర్వాతి అడుగు ఏమిటి.

మూడో వారం: రోజుకు అరగంట గుంపుల పని. మీరు మాత్రం బాగా వెనకబడ్డ గుంపు దగ్గరే కూర్చోండి. మిగతావాళ్లకు కార్డులో, వర్క్‌బుక్కో ఇవ్వండి.

నాలుగో వారం: మళ్లీ అదే అట్టముక్క, అవే వరసలు. పదాలు మాత్రం మార్చండి. ఎవరు ఎన్ని మెట్లు కదిలారో రాసుకోండి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులు చెప్పేముందు ఈ పేజీ చూపించండి. "పోయిన నెల గుణింతాల దగ్గర ఉండేది, ఇప్పుడు ఒత్తులు చదువుతోందమ్మా" అని చెప్తే, చదువుకోని తల్లికి కూడా కూతురు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఇంటి దగ్గర ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

కొందరు ఈ నెలలో కదలకపోవచ్చు. ఆ పేర్ల కింద గీత గీసుకోండి, దారి మార్చి చూడండి. పుల్లలతో రానిది చిల్లర నాణేలతో రావచ్చు. మీ దగ్గర రానిది పక్క పిల్ల దగ్గర రావచ్చు. అదీ కాకపోతే తోటి టీచర్‌ను పిలిచి ఆ పిల్లవాడిని పది నిమిషాలు వినమని అడగండి. మీరు దాటేసిన మెట్టు వాళ్ల కంటికి ఆనొచ్చు.

నలభై మందినీ ఒకేసారి మార్చేయాలని పెట్టుకోకండి. రేపు మొదటి పిరియడ్‌కు ముందు హాజరు పట్టీ తెరిచి, మీరు ఈ మధ్య ఒక్కసారి కూడా పలకరించని ఐదు పేర్లు రాసుకోండి. వాళ్లతోనే మొదలుపెట్టండి.